నీడిల్ లూముల మీద పట్టీల నేత: మిగిలేది ఎక్కడ, పోయేది ఎక్కడ

అడిగిన విషయం క్లుప్తంగా ఇది. సిరిసిల్లలో నాన్నగారు నడిపిన పాత సాంచెలు (మరమగ్గాలు) అమ్మేసి, కొంత అప్పు కలిపి, 40 లక్షలతో సన్నని పట్టీలు నేసే ఎనిమిది నీడిల్ లూములు (సూది మగ్గాలు) పెట్టాలనుకుంటున్నారు మీరు. ఎలాస్టిక్ నేయాలా, చీరల లేసులు నేయాలా, నెలకు ఎంత మిగులుతుంది, పాత యంత్రాలు కొనవచ్చా అన్నవి మీ ప్రశ్నలు. సూరత్‌లోనూ హైదరాబాద్‌లోనూ ఈ పట్టీల నేతలోనే బతికినవాణ్ని కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను. మీరు అడగనిది ఒకటుంది, మిగతా ప్రశ్నలన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి: నేసింది ఎవరికి అమ్ముతారు?

ముందు ఈ పరిశ్రమ ఎంతవరకు విస్తరించిందో చూడండి. కస్టమ్స్ లెక్కల్లో 30 సెంటీమీటర్లకు మించని వెడల్పుతో, రెండు వైపులా అంచు కట్టుకున్న నేతను 5806 శీర్షిక కింద పెడతారు. లంగా నాడా, మంచం నవారు, రిబ్బను, బ్యాగు బెల్టు, లోదుస్తుల నడుము ఎలాస్టిక్, జిప్పు పట్టీ, కారు సీటు బెల్టు, క్రేనుతో బరువులెత్తే స్లింగు, మోటారు వైండింగుకు చుట్టే కాటన్ టేపు, ఆఫీసులో మెడలో వేసుకునే గుర్తింపు కార్డు ట్యాగు, అన్నీ ఈ కుటుంబమే. ఒకే రకం యంత్రం మీద కిలోల లెక్కన అమ్ముడుపోయే నాడా నేయవచ్చు, పరీక్ష పత్రంతో వెళ్లే స్లింగు బెల్టూ నేయవచ్చు. అందుకే 'ఈ పరిశ్రమలో లాభం ఎంత' అన్న ప్రశ్నకు ఒక్క జవాబు లేదు.

ఇక లెక్కలోకి వద్దాం. నీడిల్ లూములో నాడె (షటిల్) ఉండదు. వంపు తిరిగిన సూది ఒక పక్క నుంచి పేకను (అడ్డపోగును) అవతలి అంచు దాకా తీసుకువెళితే, అక్కడ ఇంకో చిన్న సూది దాన్ని అల్లికలా ముడివేస్తుంది. సూది వెళ్లి వచ్చేసరికి రెండు పోగులు పడతాయి, దాన్ని ఒక పేకగా లెక్కిస్తారు. మీకు అమ్మకందారు చూపించి ఉండే 8/30 అనే యంత్రంలో ఒకేసారి ఎనిమిది పట్టీలు నేస్తారు, ఒక్కొక్కటి 30 మిల్లీమీటర్ల వెడల్పు దాకా. నిమిషానికి 1000 పేకలు వేస్తుందనుకోండి. కొత్త రకాలు ఇంకా వేగంగా తిరుగుతాయి కానీ లెక్కకు ఇది చాలు. సెంటీమీటరుకు 12 పేకలు పడే పట్టీ అయితే నిమిషానికి 83 సెంటీమీటర్లు, ఎనిమిది పట్టీలు కలిపి గంటకు 400 మీటర్లు. పోగు తెగడం, కండె మార్చడం, కరెంటు పోవడం తీసేస్తే 300 మీటర్లు చేతికొస్తాయి. పది గంటల షిఫ్టుకు 3000 మీటర్లు.

ఇప్పుడు ఖర్చు చూడండి. ఇవి లెక్క కోసం వేసుకున్న ధరలు, మీ ఊరి ధరలు పెట్టి మళ్లీ చేసుకోండి. 25 మిల్లీమీటర్ల పాలిస్టర్ పట్టీ మీటరుకు 10 గ్రాములు తూగుతుందనుకుంటే 3000 మీటర్లకు 30 కిలోల నూలు కావాలి. రంగు వేసిన నూలు కిలో 200 రూపాయలైతే మీటరుకు 2 రూపాయలు. లూముకు ఒకటిన్నర కిలోవాట్ మోటారు ఉంటే షిఫ్టుకు 15 యూనిట్లు, యూనిట్ 8 రూపాయల చొప్పున 120 రూపాయలు, అంటే మీటరుకు 4 పైసలు. ఎనిమిది లూములు చూసుకునే కార్మికుడికి షిఫ్టుకు 800 ఇస్తే లూముకు 100 రూపాయలు, మీటరుకు 3 పైసల పైచిలుకు. మూడున్నర లక్షల యంత్రం ఎనిమిదేళ్లు పనిచేస్తుందనుకుంటే దాని అరుగుదల మీటరుకు 5 పైసలు. మూడూ కలిపితే 12 పైసలు. కండెలు చుట్టడం, పడుగు (నిలువు పోగుల) బీములు పోయడం, ఇస్త్రీ, చుట్టలు కట్టడం, అద్దె, ఫిట్టరు జీతం కలిపి ఇంకో 20 పైసలు వేసుకోండి.

రెండు రూపాయల నూలు మీద నేత ఖర్చు 32 పైసలు. ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు అంతా ఆ 12 పైసల చుట్టూ తిరుగుతుంటారు: ఏ యంత్రం వేగంగా తిరుగుతుంది, ఏది తక్కువ కరెంటు తింటుంది, కూలీ ఎక్కడ చవక అని. అదే సమయంలో వాళ్ల షెడ్డులో నూలు నాలుగు శాతం చెత్తబుట్టలోకి పోతుంటుంది. నాలుగు శాతమంటే 8 పైసలు, అంటే కరెంటూ కూలీ కలిపినదాని కంటే ఎక్కువ. నేను ఏ షెడ్డుకు వెళ్లినా ముందు లూముల వైపు చూడను. మూలన ఉన్న గోనె సంచిలో ఎంత నూలు చెత్త పోగయిందో చూస్తాను.

ఈ పట్టీని 2 రూపాయల 60 పైసలకు అమ్మారనుకుందాం. నూలు 2.00, చెత్త 0.08, నేత 0.32 పోగా మిగిలేది 20 పైసలు. లూముకు రోజుకు 600, ఎనిమిది లూములకు 4800, నెలకు 25 రోజులు నడిస్తే 1 లక్షా 20 వేలు. యంత్రాలు అమ్మేవాళ్లు చూపించే కాగితం సాధారణంగా ఇక్కడితో ఆగిపోతుంది.

ఆ తర్వాతి పేజీ ఇది. నూలు ధర పది శాతం పెరిగితే మీటరుకు 20 పైసలు. మీ లాభం మొత్తం అంతే. పాలిస్టర్ నూలు ముడి చమురు ధరతో కదులుతుంది, వారానికోసారి మారే రోజులూ ఉంటాయి. మీరు మూడు నెలలకు ధర ఒప్పుకుని ఆర్డరు తీసుకుంటే, మీకు తెలియకుండానే మీరు నూలు మీద జూదం ఆడుతున్నట్టే. ఇక అరువు సంగతి. పైన చెప్పిన లెక్కన మీ రోజు అమ్మకం 62,400 రూపాయలు, నెలకు 15 లక్షల 60 వేలు. కొనేవాడు 90 రోజులకు ఇస్తే బయట ఎప్పుడూ దాదాపు 47 లక్షలు ఉంటాయి. నూలు వ్యాపారి కొత్తవాళ్లకు అరువివ్వడు, ఇచ్చినా పదిహేను రోజులు. మీ 40 లక్షల్లో యంత్రాలకే 28 పోతే చేతిలో 12 మిగులుతాయి. రోజుకు నూలుకూ మిగతా ఖర్చులకూ 56 వేలు పెట్టే షెడ్డులో ఆ 12 లక్షలు మూడు వారాలు వస్తాయి. మొదటి చెక్కు రావడానికి అప్పటికి ఇంకా రెండు నెలల పైన ఉంటుంది. పోనీ బ్యాంకు 47 లక్షలూ ఇచ్చిందనుకుందాం, 12 శాతం వడ్డీకి నెలకు 47 వేలు అందులోనే తీసేయండి.

ఈ రంగంలో నేను చూసిన మూతబడ్డ షెడ్లలో ఎక్కువ భాగం నేత చెడి మూతపడినవి కావు. యంత్రాలు బాగానే ఉన్నాయి, ఆర్డర్లూ ఉన్నాయి, నూలు కొనడానికి డబ్బు లేదు.

చట్టం కొంత సాయం చేస్తుంది. సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో చెల్లించాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం చెబుతుంది. 2024 ఏప్రిల్ నుంచి ఆదాయపు పన్ను చట్టం (1961 నాటి చట్టంలో 43బి(హెచ్) నిబంధన) దానికి పళ్లు పెట్టింది: గడువు దాటితే, నిజంగా చెల్లించిన సంవత్సరంలో తప్ప కొనుగోలుదారు ఆ ఖర్చును పన్ను లెక్కలో చూపుకోలేడు. అందుకని ఉద్యమ్ నమోదు (చిన్న పరిశ్రమగా ప్రభుత్వం దగ్గర నమోదు) మొదటి రోజే చేయించుకోండి, బిల్లు మీద ఆ సంఖ్య వేయండి. కానీ బేగంబజార్‌లో గానీ సూరత్‌లో గానీ చట్టం చూపించి డబ్బు అడిగినవాడికి రెండో ఆర్డరు రావడం కష్టం. చట్టం పనికొచ్చేది ఆడిట్ జరిగే పెద్ద కంపెనీల దగ్గర. వాళ్ల అకౌంట్స్ విభాగం మార్చి నెలలో తానే ఫోను చేస్తుంది.

జీఎస్టీలో ఒక పాత బాధ తీరింది. 2025 సెప్టెంబరు 22 దాకా సింథటిక్ నూలు మీద 12 శాతం, నేసిన పట్టీ మీద 5 శాతం ఉండేది. తేడా డబ్బు రిఫండు రూపంలో తిరిగొచ్చేదాకా ఇరుక్కుపోయేది. ఇప్పుడు నూలు కూడా 5 శాతంలోకి వచ్చింది. మగ్గం మీద నేయకుండా జడలా అల్లిన తాడు మాత్రం వేరే శీర్షిక కిందికి వస్తుంది కాబట్టి బిల్లు వేసేముందు మీ అకౌంటెంటును అడగండి.

ఇప్పుడు ఏది నేయాలన్నది. చీరల లేసుల సంగతి ముందు తేల్చేద్దాం: వద్దు. సూరత్‌తో ధరలో పోటీ పడలేరు. అక్కడ మెటాలిక్ జరీ చేసేవాడు, పాలిస్టర్ నూలు మెలివేసేవాడు, రంగులవాడు, యంత్రం విడిభాగం వాడు, చీర మీద లేసు కుట్టే ఇల్లు, అందరూ ఆటో దూరంలో ఉంటారు. సూరత్‌లోని లింబాయత్‌లో మన పద్మశాలీ కుటుంబాలే తరాలుగా మగ్గాల మీద పనిచేస్తున్నాయి కాబట్టి భాష సమస్య కూడా లేదు, వెళ్లి చూసి రండి. కొత్త డిజైను బజారుకు వచ్చిన వారానికే దాని నకలు పక్క వీధిలో కనిపిస్తుంది. డిజైనుకు ఆయుష్షు అంత తక్కువైతే మీరు నిల్వ ఉంచిన సరుకంతా పండగ దాటగానే కిలోల లెక్కకు దిగుతుంది.

ఫ్యాషన్‌ను నమ్ముకున్న పట్టీల ఊళ్లకు ఏమవుతుందో చరిత్రలోనూ ఉంది. ఇంగ్లండులో కొవెంట్రీ పట్టణమంతా సిల్కు రిబ్బన్ల మీద బతికింది. 1860లో ఫ్రాన్సుతో కుదిరిన కాబ్డెన్ ఒప్పందం ఫ్రెంచి రిబ్బన్ల మీద సుంకం తీసేయడంతో ఆ ఊరి నేత కూలిపోయింది, వేలమంది వలసపోయారు. అదే ఊళ్లో థామస్ స్టీవెన్స్ అనే నేత యజమాని బొమ్మలు, అక్షరాలు నేయగల జకార్డ్ రిబ్బను మగ్గాల మీదే పుస్తకాల్లో పెట్టుకునే సిల్కు గుర్తుపట్టీలు, తర్వాత చిన్న చిన్న సిల్కు బొమ్మలు నేయించి నిలదొక్కుకున్నాడు. మగ్గం మారలేదు, కొనేవాడు మారాడు. అమెరికాలో చవక రిబ్బన్ల మీద పోరాటం ఈమధ్య దాకా సాగింది. 2010లో చైనా, తైవాన్ రిబ్బన్ల మీద యాంటీ డంపింగ్ సుంకాలు (మరీ చవకగా వచ్చిపడే దిగుమతుల మీద వేసేవి) వేయించుకున్నారు. అదే దేశంలో సైన్యానికి బెల్టులు, పారాచూట్ పట్టీలు నేసే మిల్లులకు అంత దిగులు లేదు. రక్షణ శాఖ దేశంలో తయారైన బట్టే కొనాలని 1941 నుంచి బెర్రీ సవరణ అనే నిబంధన ఉంది.

అయితే ఒక్క పెద్ద కొనుగోలుదారు మీద ఆధారపడితే ఏమవుతుందో సిరిసిల్ల వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. 2017లో మొదలైన బతుకమ్మ చీరల ఆర్డర్లు ఉన్నన్నాళ్లు ఊరు ఎలా ఉందో, ఆగినప్పుడు ఎలా ఉందో మీరే చూశారు.

ఎలాస్టిక్ సంగతి కొంచెం నిదానంగా చూడాలి. గిరాకీ ఉంటుంది, ఎప్పుడూ ఉంటుంది. తంటా ఏమిటంటే ఎలాస్టిక్ పేరుతో మూడు వేర్వేరు సరుకులున్నాయి. జడలా అల్లిన సన్నది అన్నిటికంటే చవక. క్రోషే యంత్రం మీద అల్లినది మధ్యరకం, లోదుస్తుల్లో, నైటీల్లో ఎక్కువగా కనిపించేది. నీడిల్ లూము మీద నేసినది గట్టిది, పక్కకు ముడుచుకోదు, కాబట్టి ఖరీదు ఎక్కువ. మీ యంత్రం మూడోది మాత్రమే నేస్తుంది. చవక నైటీ కుట్టేవాడు మీ దగ్గరికి రాడు. బ్రాండు పేరు నేసిన నడుముపట్టీ కావాల్సినవాడు వస్తాడు గానీ దానికి జకార్డ్ కావాలి, మీ బడ్జెట్ దాటిపోతుంది.

పెద్ద ఎగుమతి ఫ్యాక్టరీల మీద ఆశ పెట్టుకునేవాళ్లు ఎక్కువ. అచ్యుతాపురంలో బ్రాండిక్స్ అనే దుస్తుల కంపెనీ ఉంది, వరంగల్ టెక్స్‌టైల్ పార్కులో ఫ్యాక్టరీలు వచ్చాయి, వాటికి ఎలాస్టిక్ కావాలి కదా అంటారు. కావాలి, నిజమే. కానీ ఎగుమతి దుస్తుల్లో పట్టీ ఎవరి దగ్గర కొనాలో చాలాసార్లు కుట్టే ఫ్యాక్టరీ నిర్ణయించదు, విదేశీ బ్రాండు నిర్ణయిస్తుంది. వాళ్ల ఆమోదిత జాబితాలో ఉండాలంటే ఒకోటెక్స్ ధ్రువపత్రం (బట్టలో హానికర రసాయనాలు లేవని చెప్పేది), రంగు తేడా కొలిచే యంత్రం, ఉతికాక సాగుడు ఎంత నిలుస్తుందో చూపే పరీక్షలు, కార్మిక నిబంధనల తనిఖీ, అన్నీ కావాలి. ఎనిమిది లూముల షెడ్డు ఆ బరువు మోయలేదు. ముప్పై, నలభై లూములకు చేరాక ఆలోచించండి.

ఎలాస్టిక్‌లో కొత్తవాళ్లకు తగిలే ఇంకో దెబ్బ మీటర్ల లెక్క. లూము మీద నుంచి దిగినప్పుడు సాగి ఉన్న పట్టీ, గంటలు గడిచేకొద్దీ ముడుచుకుంటుంది. వెంటనే కొలిచి చుట్ట కట్టి పంపితే కొనేవాడి బల్ల మీద మీటర్లు తగ్గుతాయి, మీరు మోసం చేశారంటాడు. ఒక రోజు వదులుగా పడేసి, తర్వాత కొలిచి కట్టాలి. అంటే ఒక రోజు సరుకుకు చోటు కావాలి, ఒక రోజు డబ్బు ఆగాలి. రబ్బరు దారమైతే ఎండకూ వేడికీ పాడవుతుంది కాబట్టి రేకుల షెడ్డు కింద ఏప్రిల్, మే నెలల్లో నిల్వ పెట్టకూడదు. 2020లో మాస్కుల చెవి ఎలాస్టిక్‌కు కరవు వచ్చినప్పుడు ఎంతమంది ఎగబడి యంత్రాలు కొన్నారో, గిరాకీ చల్లబడ్డాక ఆ యంత్రాలు ఏ ధరకు అమ్ముడుపోయాయో ఈ బజారులో ఎవరినడిగినా చెబుతారు.

మరి ఏమి చేయాలి? నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఎనిమిది కాదు, మూడు లూములు. రెండు తేలికరకం, ఒకటి బెల్టుల రకం, అంటే 4/65 లాంటిది, నాలుగు పట్టీలు, వెడల్పు ఎక్కువ.

తేలికరకం లూములకు పని మీ ఊళ్లోనే ఉంది. సిరిసిల్లలో లంగా బట్ట నేస్తారు, కుడతారు. ఆ లంగాలకు నాడాలు ఎక్కడి నుంచి వస్తున్నాయో, ఏ ధరకు, ఎన్ని రోజుల అరువుకు వస్తున్నాయో వెళ్లి కనుక్కోండి. లాభం సన్నగా ఉంటుంది కానీ కొనేవాడు నడిచి వెళ్లేంత దూరంలో ఉంటే అరువు వసూలు తేలిక. దానితో పాటు గుర్తింపు కార్డుల ట్యాగులు, బడి బెల్టులు. కరీంనగర్, వరంగల్, హైదరాబాద్‌లలో ట్యాగుల మీద అచ్చువేసే చిన్న దుకాణాలు చాలానే ఉన్నాయి, వాళ్లకు తెల్ల పాలిస్టర్ సాటిన్ పట్టీ చుట్టలుగా కావాలి. తెలుపు ఒక్కటే రంగు అన్నది మీరు తేలిగ్గా తీసుకోకండి, ఈ వ్యాపారంలో అది వరం. కారణం చెబుతాను.

రంగు మార్చాలంటే ఎనిమిది పట్టీల పడుగూ మార్చాలి. పోగుల సంఖ్య అదే అయితే పాత పడుగుకు కొత్తది అతికితే చాలు. వేరే రకమైతే పోగు పోగూ మళ్లీ మగ్గంలోని తీగల కంటిలోంచి, దువ్వెనలాంటి పన్నెలోంచి లాగాలి. అయిదు గంటలు పోయిందనుకోండి. 500 మీటర్ల ఆర్డరు లూము మీద గంటా నలభై నిమిషాల్లో అయిపోతుంది, దాని మీద మీకు మిగిలేది 100 రూపాయలు. ఆ అయిదు గంటలు లూము ఆగినందుకు పోయిన లాభం 300, ఫిట్టరు జీతం వేరే, పాత పడుగు చివర్లు చెత్తలోకి. కాబట్టి చిన్న ఆర్డరు తీసుకుంటే అమరిక ఖర్చు విడిగా బిల్లులో వేయాలి, లేదా 'ఇంత కంటే తక్కువ నేయను' అని చెప్పాలి. రెండూ మొహమాటం లేకుండా చెప్పగలిగినవాడే ఇందులో నిలుస్తాడు. తెల్ల పట్టీ ఒకటే నెలల తరబడి నడిపితే ఈ బాధే ఉండదు.

బెల్టుల లూము వేరే కథ. బరువులెత్తే స్లింగులు, లారీ మీద సరుకు బిగించే బెల్టులు గట్టి పాలిస్టర్ నూలుతో నేస్తారు. స్లింగుల్లో రంగే భాష: ఊదా అయితే ఒక టన్ను, ఆకుపచ్చ రెండు, పసుపు మూడు, బూడిద నాలుగు, ఎరుపు అయిదు. భద్రత లెక్క ఏడు రెట్లు, అంటే ఒక టన్ను స్లింగు ఏడు టన్నుల లోపు తెగకూడదు. ఇక్కడ కొనేవాడు పైసల కోసం బేరం చేసినా, తెగే బలం చూపించే పరీక్ష కాగితం లేనివాడి దగ్గర కొనడు. ఆ కాగితమే మీకు కోటగోడ. విశాఖ, గంగవరం, కృష్ణపట్నం రేవులున్నాయి, హైదరాబాద్ చుట్టూ గోదాములున్నాయి. కానీ మొదటి ఏడాది మీరు స్లింగు తయారు చేయకండి, స్లింగులు కుట్టే వాళ్లకు పట్టీ మాత్రం అమ్మండి. మనిషి తల మీద వేలాడే బరువుకు బాధ్యత తీసుకునే ముందు నేత మీద మీ చేయి కుదరాలి. సీటు బెల్టు వైపు అసలు చూడకండి, ఆ ఆమోదాలు మీ వంటి షెడ్డుకు అందవు.

అన్నిటికంటే ముందు ఇంకో మాట. లూములు కొనకముందు ఆరు నెలలు ఇదే సరుకు సూరత్ నుంచో తిరుప్పూర్ నుంచో తెచ్చి అమ్మి చూడండి. రెండు, మూడు లక్షలతో అయిపోయే పని. ఎవడు సమయానికి ఇస్తాడు, ఎవడు తిప్పుతాడు, ఎవడికి ఏ వెడల్పు ఎంత కావాలి అన్నది మీ నోటుబుక్కులోకి వస్తుంది. ఆరు నెలల్లో కొనేవాళ్లు దొరక్కపోతే మీ 37 లక్షలు మీ దగ్గరే ఉంటాయి. దొరికితే మొదటి లూము తిరిగే రోజుకే ఆర్డరు చేతిలో ఉంటుంది. మధ్యలో జాబ్ వర్కు దొరికినా వదలకండి. సేట్ల నూలు తెచ్చి కూలికి నేసే మన ఆసాములు చేసినట్టే, నూలు పని ఇచ్చేవాళ్లది, నేత మీది, మీటరుకు 45 పైసలు ఇచ్చినా నూలు ధర జూదం మీ నెత్తిన ఉండదు.

పాత యంత్రాల గురించి అడిగారు. స్విట్జర్లాండ్‌లోని ఫ్రిక్ పట్టణపు యాకోబ్ ముల్లర్ కంపెనీ లూమైతే పాతదైనా పరవాలేదు, కానీ విడిభాగం ధర ముందే అడగండి. తైవాన్ రకాలు మధ్యస్థం. చైనా యంత్రం పాతది కొనకండి, కొత్తదానికీ దానికీ ధరలో తేడా అంత ఉండదు, అరుగుదల మాత్రం చాలా ఉంటుంది. చూడటానికి వెళ్లినప్పుడు ఖాళీగా తిప్పి చూపిస్తే ఒప్పుకోకండి, పడుగు ఎక్కించి పూర్తి వేగంతో గంటసేపు నేయించండి. పేక సూది ఊగుతోందా, ఎనిమిది పట్టీలూ ఒకే వెడల్పులో వస్తున్నాయా, అల్లిక అంచు ఎక్కడైనా వదులవుతోందా చూడండి. ఎనిమిదింటిలో ఒక్కటి తేడాగా వచ్చినా ధర తగ్గించుకోవద్దు, వదిలేసి రండి. ఆ యంత్రాన్ని అప్పటిదాకా నడిపిన ఫిట్టరు ఖాళీగా ఉంటే మాత్రం ఫోను నంబరు తీసుకోండి. సిరిసిల్లలో మరమగ్గం ఫిట్టర్లున్నారు గానీ నీడిల్ లూము తెలిసినవాళ్లు దొరకడం కష్టం, ఆయన జీతం మీ మూడు లూముల కరెంటు కంటే ఎక్కువైనా ఇవ్వండి.